గీతలు పడే అద్దం

వాచీ అద్దం పగిలింది. మార్పించాలి. సంగతి ఇంతే. దీనికో వ్యాసమా అని మీరనుకోవచ్చు. ముస్లిం రాస్తున్నాడంటే తలాక్ గురించో, బుర్ఖా గురించో, బాబ్రీ గురించో రాస్తాడని ఎదురుచూడడం అందరికీ అలవాటైపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా పత్రికల్లో పనిచేస్తున్నాం. రంజాన్ వస్తే హలీం మీద, ఎన్నికలొస్తే మైనారిటీ ఓట్ల మీద రాయాల్సిన పని వెతుక్కుంటూ మా బల్ల దగ్గరికే వస్తుంది. మిగతా రోజుల్లో మేమేం చేస్తాం, దేనికి ఖర్చుపెడతాం, దేన్ని పారేయలేక దాచుకుంటాం అన్నది ఎవరికీ వార్త కాదు. మాకూ చెప్పులు తెగుతాయి, గొడుగులు విరుగుతాయి, వాచీ అద్దాలు పగులుతాయి. అందుకే ఈసారి అద్దం గురించే రాస్తున్నాం.

పగిలింది హెచ్.ఎం.టి. జనతా వాచీ అద్దం. కొన్ననాడూ అది చవకదే, ఈనాడూ చవకదే. మా అబ్బాది. 1970లలో నిఖా నాడు అత్తగారింటివాళ్ళు పెట్టారు. ఆ రోజుల్లో పెళ్ళికొడుకు లాంఛనాలంటే వాచీ, సైకిలు, రేడియో. ఆ విషయంలో పక్కింటి హిందువులకీ మాకూ తేడా లేదు. కట్నాల దగ్గర మాత్రం ఈ దేశంలో అందరం ఎప్పుడో ఒకటైపోయాం!

జనతా పేరుకు తగ్గ వాచీ. బ్యాటరీ లేదు, తారీఖు లేదు. పొద్దున లేచి కీ ఇవ్వాలి, రోజంతా నడుస్తుంది. లోపల 17 జువెల్స్. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు గుమాస్తా చేతికీ, టీచరు చేతికీ, రైల్వే ఖలాసీ చేతికీ అవే. 'దేశ్ కీ ధడ్కన్' అని ప్రకటనలిచ్చేవాళ్ళు. దేశపు గుండెచప్పుడు! అది మా అబ్బా ఎడమచేతి మణికట్టు మీద నలభై ఏళ్ళకు పైగా కొట్టుకుంది. అయినా పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచి ఉన్న రోజున, "సాబ్, మీరు ఎవరి వైపు?" అని నవ్వుతూ అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. హెచ్.ఎం.టి. వాచెస్‌నీ, దాంతోపాటు కశ్మీరులోని హెచ్.ఎం.టి. చినార్ వాచెస్‌నీ మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ ప్రశ్న మాత్రం మూతపడలేదు.

ఇప్పుడు ఆ వాచీ మా బిడ్డ పెట్టుకుంటానంది. ఇంజనీరింగ్ పూర్తయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. మగపిల్లలు చేతికి తెరలున్న వాచీలు పెట్టుకుంటున్న కాలంలో దాదా వాచీ కావాలని అడిగింది. పెట్టెలోంచి తీస్తుంటే జారి షాబాదు బండల మీద పడింది. అద్దం అంచు నుంచి నడుమ దాకా చీలింది. వాచీ ఆగలేదు. అద్దం పోయిందంతే.

అద్దం చీలకముందే గీతలమయం. వెలుగులో వంచి చూస్తే ఒకదాని మీదొకటి సన్నని గీతలు వందలున్నాయి. మా బిడ్డ అడిగింది, "దాదా ఇంత నిర్లక్ష్యంగా వాడేవారా?" అని. నిర్లక్ష్యం కాదు, వజూ. నమాజుకి ముందు మోచేతుల దాకా కడుక్కోవాలి. జనతా నీళ్ళకి ఆగే వాచీ కాదు. కాబట్టి వాచీ విప్పాలి. విప్పి ఎక్కడ పెడతారు? హౌజు గట్టు మీద. సిమెంటు గట్టు, రాతి గట్టు, పంపు పక్కన ఇటుక గోడ. రోజుకి ఐదు పూటలు. ఒక్కోసారి ముఖం పైకి, ఒక్కోసారి ముఖం కిందికి. రాతిగట్టు మీది దుమ్ములో ఇసుక ఉంటుంది. ఆ అద్దం మీద ఉన్నవి ఆ గీతలు. ఎవరైనా లెక్కపెట్టగలిగితే అబ్బా చదివిన నమాజుల లెక్క తేలుతుందేమో!

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక మెట్ల కింద మేము చిన్నప్పటి నుంచి ఎరిగిన ఘడీసాజ్ ఉన్నారు. డెబ్బై దాటాయి. మాకు చచా. మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడడానికి కూడా చాలని జాగా. గాజు పలకతో చిన్న బల్ల, కంటికి పెట్టుకునే భూతద్దం, చిమ్టీలు, సూదంత స్క్రూడ్రైవర్లు, గాలి ఊదే రబ్బరు బుడ్డి. వెనకాల మందుల షాపులో ఉన్నట్టు చిన్న చిన్న అరలు.

'ఘడీసాజ్' అన్న మాట ఒక్కసారి విప్పి చూడండి. ఘడీ అంటే వాచీ. అది పుట్టింది సంస్కృతం ఘటిక నుంచి. అడుగున చిల్లి ఉన్న గిన్నెని నీళ్ళ మీద వదిలితే నిండి మునిగేదాకా పట్టే కాలం ఒక ఘటిక, మన లెక్కలో 24 నిమిషాలు. తెలుగు గడియ అదే, గడియారంలో ఉన్నదీ అదే. దాని వెనకాల ఉన్న 'సాజ్' ఫార్సీ. చేసేవాడు అని అర్థం. సంస్కృతం గిన్నెకి ఫార్సీ చెయ్యి తోడైతే ఘడీసాజ్ అయ్యాడు. ఆ మాటని రెండుగా చీల్చి సగం మీది, సగం మాది అని పంచుకోమంటే వాచీ నడుస్తుందా?

చార్మినార్‌కి నాలుగు దిక్కులా గడియారాలు పెట్టింది 1889లో. దానికి దగ్గరలోనే మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని ఆస్మాన్ జా 1892లో కట్టించాడు. పెద్ద గడియారాలు ఊళ్ళోకి వచ్చాక చిన్నవి ఇళ్ళలోకీ, జేబుల్లోకీ, చేతుల మీదికీ వచ్చాయి. వచ్చినవి ఊరికే ఉండవు కదా, ఆగిపోతాయి. విప్పి బాగుచేసే చేతులు కావాలి. ఆ చేతుల్లో మావాళ్ళవి చాలా ఉన్నాయి. వాచీలు, సైకిళ్ళు, స్టవ్వులు, తాళాలు, రేడియోలు. పాడైనవన్నీ మా దగ్గరికే వచ్చాయి. మాకు రిపేరు మీద పుట్టుకతో వచ్చిన ప్రేమేమీ లేదు. భూమి లేనివాడు, ఉద్యోగం దొరకనివాడు, షాపు అద్దెకి తీసుకోలేనివాడు ఓ పెట్టె పట్టుకుని మెట్ల కింద కూర్చోగలిగిన పనులివి. ముస్లింలలో సొంత చిన్న పనుల మీద బతికేవాళ్ళే ఎక్కువనీ, నెలజీతం ఉద్యోగాల్లో తక్కువనీ సచార్ కమిటీ 2006లో లెక్కలతో చెప్పింది. మాకు ఆ నివేదిక కంటే ముందే చచా మెట్లు చెప్పాయి. ఇప్పుడు కోపమొచ్చిన ప్రతివాడూ "పంక్చర్‌వాలా" అని తిడుతున్నాడు. పగిలిందాన్ని అతికించేవాడి పేరు తిట్టెలా అయిందో ఆ తిట్టేవాళ్ళే చెప్పాలి.

ఇంకో సంగతి. 2007లో తెచ్చిన బి.సి.-ఇ జాబితా చూడండి. అత్తరు సాయిబులున్నారు, గారడీ సాయిబులున్నారు, ఫకీరు సాయిబులున్నారు, హజ్జాములు, కురేషీలు ఉన్నారు. ఘడీసాజ్ లేడు. గడియారం మా మధ్యకి ఆలస్యంగా వచ్చింది. పని కులంగా గడ్డకట్టేంత టైము దొరకలేదు. ఎవరి కొడుకైనా నేర్చుకోవచ్చు, ఎవరి కొడుకైనా వదిలేయొచ్చు. వదిలేస్తున్నారు కూడా.

చచా వాచీని తిప్పి చూసి అడిగారు: "కౌన్సా డాల్నా బేటా? ప్లాస్టిక్ హై, గ్లాస్ హై. సఫైర్ హోనా బోలే తో మంగానా పడ్తా."

ప్లాస్టిక్ ఉంది, గాజు ఉంది, సఫైర్ కావాలంటే తెప్పించాలి. చవక వాచీకి అద్దం వేయించే ఎవరికైనా ఎదురయ్యే ప్రశ్న ఇదే. కాబట్టి మూడింటి సంగతీ చెప్పుకోవాలి.

ప్లాస్టిక్ అని బజార్లో అనేది అక్రిలిక్‌ని. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలకి వాడిన సరుకు ఇదే. ఎండలో పాతబడితే పసుపు తిరుగుతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం పడితే కరిగి మసకబారుతుంది. తేలిగ్గా గీతలు పడతాయి. కానీ గట్టి దెబ్బ తగిలితే చీలుతుంది తప్ప సాధారణంగా ముక్కలై చిందదు. మా వాచీ అద్దమే సాక్ష్యం. నిలువునా చీలినా డయల్ మీద ఒక్క రవ్వ రాల్చలేదు. పైపై గీతలైతే టూత్‌పేస్టు వేసి మెత్తటి గుడ్డతో రుద్దితే పోతాయి.

రెండోది గాజు, మినరల్ గ్లాస్ అంటారు. అక్రిలిక్ కంటే గట్టిది. గోటికీ, తాళంచెవికీ అంత తేలిగ్గా లొంగదు. కానీ ఇసుకకి లొంగుతుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోహ్స్ లెక్కలో మామూలు గాజు 5, 6 మధ్య ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 7. మన దక్కన్‌లో ఎటు చూసినా గ్రానైటు, గ్రానైటులో క్వార్ట్జ్. మన దుమ్ములో అద్దాన్ని గీసేది ఎప్పుడూ ఉంటుందన్నమాట. గాజు మీద గీత పడితే టూత్‌పేస్టుకి పోదు. పగిలితే పిండిలా రాలి ముళ్ళ కింద, చక్రాల మధ్య చేరుతుంది. అప్పుడు అద్దంతో పోదు, వాచీ మొత్తం విప్పి కడగాలి.

మూడోది సఫైర్. గనిలో తవ్విన నీలం రాయి కాదు. అదే అల్యూమినియం ఆక్సైడుని కొలిమిలో కరిగించి పెంచే స్ఫటికం. ఫ్రాన్సులో వెర్నుయీ అనే శాస్త్రవేత్త ఇలాంటి కెంపుల్ని తయారుచేసే పద్ధతిని 1902లో బయటపెట్టాడు. గట్టిదనం 9. వజ్రం తర్వాత స్థానం. ఇసుక దాన్నేమీ చేయలేదు. కోయాలంటే వజ్రపు పనిముట్టు కావాలి. ధర అంటారా, మంచి సఫైర్ అద్దం తెప్పించే ఖర్చులో చవక వాచీ ఇంకొకటి రావచ్చు.

మా బిడ్డ ఒక్క క్షణం ఆలోచించకుండా అంది: "సఫైరే వేయించండి అబ్బూ. గీత పడొద్దు."

ఆ మాట వాచీ గురించి మాత్రమే కాదని మాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన నెలలో గది కోసం తిరిగింది. ఫోన్లో ఖాళీ ఉందన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోయేది. ఒకచోట అడ్వాన్సు తీసుకుని మర్నాడు తిరిగిచ్చేశారు. అప్పటి నుంచి ఆమెలో ఒక జాగ్రత్త వచ్చింది. ఆఫీసులో ఎవరైనా రాజకీయాలు మాట్లాడితే లేచి వెళ్ళిపోతుంది. డబ్బాలో ఏం తెచ్చిందో అడగకముందే చెబుతుంది. మేమూ ఆ జాగ్రత్తతోనే పెరిగాం. మన మీద ఒక్క గీత కూడా పడకూడదు. పడితే అది మన ఒక్కరి గీత కాదు, జాతి మొత్తానిది. పక్కవాడు దొంగతనం చేస్తే వాడు దొంగ. మాలో ఒకడు చేస్తే మేమందరం సంజాయిషీ ఇవ్వాలి. మా పిల్లలకి 9 గట్టిదనం కావాలి, ఎదుటివాళ్ళ పిల్లలు 3తో బతికేయొచ్చు!

అంత జాగ్రత్తగా ఉన్నా సరిపోతుందా? చవక వాచీల చరిత్రలోనే దీనికి జవాబుంది. కాసియో ఎఫ్-91డబ్ల్యు అని నల్లటి ప్లాస్టిక్ వాచీ. 1989లో వచ్చింది. దాని అద్దమూ ప్లాస్టిక్కే. చవక, బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది, కాబట్టి లోకంలో కూలివాడూ విద్యార్థీ అందరూ పెట్టుకున్నారు. 2011లో వికీలీక్స్ బయటపెట్టిన గ్వాంతనామో జైలు పత్రాల్లో ఆ వాచీని అల్‌ఖైదా గుర్తుగా లెక్కగట్టిన సంగతి ఉంది. బాంబు టైమర్లకి ఆ రకం వాచీలు వాడారు కాబట్టి చేతికి ఉంటే అనుమానించాల్సిందేనట. అదే వాచీ ఇంకో రకం చేతికుంటే? చవక వాచీ, అంతే. 2015లో అమెరికా టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగ్ పట్టణంలో 14 ఏళ్ళ అహ్మద్ మొహమద్ ఇంట్లో సొంతంగా ఒక గడియారం తయారుచేసి, చూసి మెచ్చుకుంటారని బడికి తీసుకెళ్ళాడు. చేతులకి బేడీలు పడ్డాయి. కేసు నిలవలేదు, బేడీల ఫొటో మాత్రం లోకమంతా తిరిగింది. వాచీ మీద గీత ఉందో లేదో అక్కడ ఎవరూ చూడలేదు. ఎవరి చేతిలో ఉందో చూశారు.

చచాకి గ్వాంతనామో ఎక్కడుందో తెలీదు. కానీ సఫైర్ గురించి ఆయన చెప్పిన మాట మాకు బాగా నచ్చింది. ఎండలోకి వెళ్ళి సఫైర్ అద్దం చూడమన్నారు. గట్టి అద్దం ఎక్కువ మెరుస్తుంది. పైన ప్రత్యేకమైన పూత లేకపోతే టైము కంటే చూసేవాడి మొహమే ఎక్కువ కనిపిస్తుంది. అది నిజమే. అక్రిలిక్‌తో పోలిస్తే సఫైర్ పైతలం దాదాపు రెట్టింపు వెలుతురుని తిప్పికొడుతుంది. ఎంత గట్టిపడితే అంత తక్కువ కనిపిస్తాం అన్నమాట. మాలో కొందరి బతుకు అలాగే అయింది. ఎవరికీ దొరక్కుండా గట్టిపడి, చివరికి లోపలి ముళ్ళు ఇంట్లోవాళ్ళకి కూడా కనబడకుండా పోయారు. మా బిడ్డ అలా అవడం మాకిష్టం లేదు.

మా బిడ్డ చచాని ఇంకోటి అడిగింది. "ఇందులో ఒరిజినల్ ఏది?" రిపేరు బజార్లో అతి పెద్ద ప్రశ్న ఇదే. ఒరిజినలా, డూప్లికేటా? చచా నవ్వారు. ఏది ఒరిజినల్ బేటీ? పద్ధతి జపానుది, పని బెంగుళూరుది, ముళ్ళు ఒకసారి మార్చాను, బెల్టు నాలుగుసార్లు మార్చాను, కీ పోతే ఇంకో వాచీ కీ వేశాను. టైము మాత్రం ఒరిజినల్‌గానే చూపించింది కదా!

ఈ ప్రశ్న మాకు పాతది. లఖ్నో వైపు వెళ్తే మా 'నక్కో', మా 'హౌ' విని మీది ఉర్దూనా అంటారు. ఇక్కడ తెలుగు సినిమాలో సాయిబు వచ్చాడంటే "నీకీ, మాకీ" అంటూ వంకర తెలుగు మాట్లాడాల్సిందే. తెలుగులో వ్యాసం రాస్తే "అబ్బ, మీకు తెలుగు ఎంత బాగా వచ్చండీ!" అని మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పుట్టిన ఊరి భాష వచ్చినందుకు మెప్పు పొందే అదృష్టం ఇంకెవరికుంది? అసలైన ముస్లిం అరబ్బువాడట, అసలైన ఉర్దూ లఖ్నోదట, అసలైన తెలుగు మరెవరిదో అట. మేము అన్నిటికీ నకలు. అయితే ఒక మాట. 'అసలు' అన్న మాట అరబ్బీ 'అస్ల్' నుంచి వచ్చింది. 'నకలు' కూడా అరబ్బీదే. ఈ రెండూ మా పెద్దల నోళ్ళ మీదుగానే తెలుగులోకి నడిచొచ్చాయి. మమ్మల్ని అసలువాళ్ళా కాదా అని అడగడానికి కూడా మా మాటే అప్పు తీసుకోవాలి!

పైగా చచా ప్రశ్న అది కాదు. ఆయన దగ్గర అద్దం పాసవడానికి పరీక్ష ఒక్కటే, కూర్చుంటుందా లేదా. అద్దం కూర్చునే గాడి లోపలి వెడల్పుని కాలిపర్‌తో కొలిచారు. ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం. పాత కేసులు అరిగి పూర్తి గుండ్రంగా ఉండవట. అద్దాలు మిల్లీమీటరులో పదో వంతు తేడాతో వస్తాయి. 30.4, 30.5, 30.6 అని కాగితం కవర్ల మీద పెన్సిల్ అంకెలు. పదో వంతు తక్కువైతే ఊడి పడుతుంది. మరీ ఎక్కువైతే బలవంతంగా కుక్కాలి, అప్పుడు అంచు దగ్గరే సన్నగా నెర్రెలు పడతాయి. ఎత్తు కూడా చూడాలి. జనతా అద్దం బోర్లించిన గిన్నెలా కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు అందానికి కాదు. లోపల గంటల ముల్లు, దాని మీద నిమిషాల ముల్లు, అన్నిటికంటే పైన సెకన్ల ముల్లు తిరగాలి. చదునైన గాజో, సఫైరో తెచ్చి అందులో కూర్చోబెడితే సెకన్ల ముల్లు తగిలి వాచీ ఆగిపోతుంది. పైగా గట్టి అద్దం వంగదు. ఈ గాడిలో నిలబెట్టాలంటే జిగురు కావాలి. కొందరు ఫెవీక్విక్‌తో అంటిస్తారు. రెండు రోజుల్లో దాని ఆవిరికి అద్దం లోపల తెల్లటి మసక పరుచుకుంటుంది. మోటారు చేసిందాన్ని మోటారుకే వదిలేయాలి, జిగురు చేసిందాన్ని జిగురుకే వదిలేయాలి అన్నారు చచా. ఏ వాచీ అద్దం ఆ వాచీదే.

అలా తీర్పు తేలింది. అక్రిలిక్కే. మా బిడ్డ మొహం చిన్నబోయింది. "మళ్ళీ గీతలు పడతాయి కదా?" అంది. పడతాయన్నారు చచా. "మరి?" రుద్దుకో. "పగిలితే?" నా దగ్గరికి రా, మారుస్తా. "మీరు..." అని ఆగిపోయింది. ఆమె అడగబోయింది మాకు అర్థమైంది, చచాకి కూడా అర్థమైంది. ఆయన అడగనిదానికి జవాబు చెప్పలేదు. కొడుకు సౌదీలో డ్రైవరు. మనవడు సెల్‌ఫోన్ షాపులో ఉన్నాడు. మెట్ల కింద పెట్టె ముందు ఇంకెవరూ కూర్చోలేదు.

అద్దం కూర్చోబెట్టడం మేము దగ్గర నిలబడి చూశాం. చుట్టూ పంజా వేళ్ళున్న ఒక పనిముట్టు ఉంటుంది. అందులో అద్దాన్ని పెట్టి పిడి తిప్పితే ఆ వేళ్ళు అన్నివైపుల నుంచీ నొక్కుతాయి. కొత్త అద్దం గాడి కంటే వెంట్రుకవాసి పెద్దదే ఉండాలి. నొక్కినప్పుడు కాస్త ముడుచుకుని, ఉబ్బుకుని, చిన్నదవుతుంది. ఆ క్షణంలో గాడిలోకి దింపి పిడి వదిలేస్తారు. వదలగానే అద్దం తన సొంత వెడల్పుకి తాను రావాలని చూస్తుంది. పూర్తిగా రాలేదు, గాడి అడ్డు. ఆ పెనుగులాటే దాన్ని పట్టి ఉంచుతుంది. జిగురు లేదు, మేకు లేదు. తన కొలతని మర్చిపోలేదు కాబట్టే అద్దం నిలబడింది.

మేము చాలా ఏళ్ళు నొక్కినవాళ్ళ గురించే రాశాం. రాయాల్సిందే, ఇంకా రాస్తాం. ఆ రోజు మెట్ల కింద నిలబడి, వదిలాక ఏం జరుగుతుందో చూశాం. ఒత్తిడికి ముడుచుకున్నదల్లా చిన్నదైపోదు. కరిగిపోయి గాడిలో కలిసిపోదు, గాడిని పగలగొట్టీ పోదు. గాడిలోనే ఉంటుంది, తన వెడల్పుతో ఉంటుంది. మాకు ఈ దేశంలో ఉండడం అంటే ఇదే.

భాష సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఈ వ్యాసమంతా 'మేము' అని రాస్తున్నాం. ఒక్కడివి, మేమేమిటి అనొచ్చు మీరు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్నా 'హమ్' అంటారు. దాన్ని తెలుగులోకి దింపడానికి ఎప్పుడు కూర్చున్నా చిక్కే. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. మేము అంటే మీరు కారు, మనం అంటే మీరు కూడా. ఉర్దూలో ఆ గీత లేదు. 'హమ్' అంటే మేమూ, మనమూ రెండూ. అబ్బా "హమారా ముల్క్" అన్నప్పుడు 'మా దేశం' అన్నారా, 'మన దేశం' అన్నారా? ఆయన బతికున్నంతకాలం విన్నవాళ్ళే ఎవరికి తోచినట్టు వాళ్ళు తర్జుమా చేసుకున్నారు. మేము మాత్రం ఇప్పుడు తెలుగులోనే చెబుతున్నాం కాబట్టి తేల్చి చెప్పొచ్చు. గీతలు పడింది మా మీద. రుద్దుకోవాల్సింది మనం.

మా బిడ్డ ఆ వాచీ పెట్టుకునే ఆఫీసుకి వెళ్తోంది. మొదటి గీత పడడానికి వారం కూడా పట్టలేదు. ఫోన్ చేసి టూత్‌పేస్టు ఏ రకం అని అడిగింది. ఏ రకమైనా పరవాలేదు, తెల్లది వాడు, గుండ్రంగా రుద్దు, నీళ్ళు పోయకు, తడిగుడ్డతో తుడువు అని చెప్పాం. గీత పడిందన్న బాధ ఆ గొంతులో లేదు. ఏం చేయాలో తెలిసినవాళ్ళ గొంతు అది. ఆ గొంతు కోసమైనా ఈ అద్దం వేయించడం మంచిదే అనుకున్నాం.

చివరిగా మీకో మాట. మీ ఇంట్లో పెట్టె అడుగున ఆగిపోయిన చవక వాచీ ఒకటి ఉండే ఉంటుంది. తాతదో, నాన్నదో, పెళ్ళినాటిదో. దాన్ని తీయండి. మీ ఊళ్ళో ఏదో మెట్ల కింద, ఏదో మసీదు సందులో, ఏదో చెట్టు నీడన ఒక ఘడీసాజ్ ఇంకా కూర్చుని ఉండొచ్చు. ఏ అద్దం వేయాలో ఆయన్ని అడగండి, వేస్తుంటే పక్కన నిలబడి చూడండి. వీలైతే మీ పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. ఆ చెయ్యి ఆగిపోయాక ఒరిజినల్ అద్దం దొరికినా బిగించేవాడు దొరకడు.